సన్యాసి ఉండే చోటు: గది అనాలా, కుటీరమనాలా, ఇల్లనాలా?

ప్రశ్న: ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ దగ్గరి కొండల్లో 1084లో క్రైస్తవ సన్యాసి బ్రూనో, ఆయనతో వచ్చిన ఆరుగురూ మొదలుపెట్టిన గ్రాండ్ షార్త్రూజ్ మఠం మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాం. ఒక్కో సన్యాసి ఉండే చోటును ‘సెల్’ అన్నారు. అలాగే ఉంచితే జైలో, జేబులో ఫోనో గుర్తొస్తోంది. ‘గది’ అనేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. కింద పనిచేసుకునే చోటు, కట్టెలు పేర్చే చోటు. పైన ప్రార్థన, చదువు, తిండి, పడక. చుట్టూ గోడ కట్టిన చిన్న పెరడు. ఇలాంటివి పొడవాటి వసారా వెంట వరుసగా ఉంటాయి. ‘గదిలో తోట పెంచాడు’ అని రాస్తే చదివేవాళ్ళు నవ్విపోతారు. అన్నం లోపలికి వెళ్ళేది తలుపు పక్క గోడలోని గూట్లోంచి. ఇక్కడ ‘కిటికీ’ అనకండి, ‘గూడు’ అనండి. ఇంగ్లండులో ఇదే సంప్రదాయానికి చెందిన మౌంట్ గ్రేస్ మఠంలో (1398) ఆ గూడు గోడలోనే మూలమట్టంగా మలుపు తిరుగుతుంది. పెట్టేవాడికి తీసుకునేవాడు కనపడడు. కిటికీకి ఆ పని చేతకాదు.

ఇంకొకరు: ‘ఇల్లు’ అంటే వెనకాలే ఇల్లాలు వచ్చేస్తుంది. ‘కుటీరం’ నయం, కానీ కాలం చూసి వాడండి. మొదటివి చెక్క గుడిసెలు, కుటీరాలే. 1132 జనవరిలో మంచుచరియ విరిగిపడి దాదాపు అన్నిటినీ తుడిచిపెట్టింది, ఏడుగురు పోయారు. అప్పటి మఠాధిపతి గీగో మఠాన్ని లోయలో ఇంకా కిందికి దించి కట్టించాడు. ఆ తర్వాతి రాతి కట్టడాలకు ‘ఏకాంత గృహం’ అంటే బాగుంటుంది. కాస్త పుస్తకాల మాటే, అయినా అబద్ధం చెప్పదు.

ప్రశ్న: ఈ కట్టడం మొత్తాన్నీ కలిపి ‘ఆశ్రమం’ అనొచ్చా?

జవాబు: వద్దు. ఆశ్రమం అనగానే గురువు, శిష్యులు, వచ్చేపోయే భక్తులు కళ్ళముందుకొస్తారు. గీగో రాసిన నియమాల్లో సన్యాసులు పదముగ్గురు, సహోదరులు పదహారుగురు, అంతే. కారణం కూడా ఆయనే చెప్పాడు: అంతకుమించితే ఆ కొండనేల పోషించలేదు, అడుక్కుంటూ తిరగాల్సివస్తుంది. మన కథోలికులు ‘కన్యాస్త్రీల మఠం’ అంటూనే ఉన్నారు కాబట్టి ‘మఠం’ వాడండి.

ఇంకొకరు: గీగో నియమాల్లో ఒక్కో సన్యాసికి ఇచ్చే సామాన్ల జాబితా ఉంది, అక్కడ జాగ్రత్త. రెండు సూదులు, దారం, కత్తెర, దువ్వెన, మంగలికత్తి, సానరాయి వరకూ తేలికే. రాత సామాను దగ్గరే చిక్కు. అలవాటుకొద్దీ తాటాకులోకి జారిపోతాం. వాళ్ళు రాసింది తోలుమీద, ఈక కలంతో. తప్పుపోతే కత్తితో గీకేయాలి. అందుకే గీకుడు కత్తులు రెండు, సిరాబుడ్లు రెండు. మైనపు పలకమీద రాసే పుల్లకు మాత్రం ‘ఘంటం’ చక్కగా అతుకుతుంది. పుస్తకాలు ఒకసారికి రెండే ఇచ్చేవారు, పొగా దుమ్మూ తగలనివ్వొద్దని హెచ్చరిక. గీగో కాలంలో ఎవరి వంట వాళ్ళదే, పొగ మాట అందుకే అనుకుంటాను. అన్నం గూట్లోకి రావడం తర్వాతి ఏర్పాటు. రెండు కాలాలనూ ఒకే వాక్యంలో కలిపేయకండి.

ప్రశ్న: ఆ పదహారుగురు సహోదరులు పనివాళ్ళేనా?

జవాబు: పొలం, పశువులు, కట్టెలు వాళ్ళవే, కానీ వాళ్ళూ వ్రతం పట్టినవాళ్ళే, జీతగాళ్ళు కారు. గీగో కాలంలో వాళ్ళు ఉండేది కొండ కింది ఇంట్లో. ‘సహోదరులు’ అనే ఉంచండి, మొదటిసారి వచ్చినచోట మాత్రం ‘వ్రతం పట్టిన సహోదరులు’ అనండి.