లారీ గుద్ది బావ చనిపోయారు. నష్టపరిహారం కేసు ఎలా వేయాలి, ఏ కాగితాలు ముందు పట్టుకోవాలి?

తమ్ముడు_ఖమ్మం

అందరికీ నమస్కారం. మా అక్క తరఫున అడుగుతున్నాను. బావ విజయవాడ హైవే మీద సూర్యాపేట దగ్గర బైక్ మీద వస్తుంటే వెనక నుంచి లారీ తగిలింది. అక్కడికక్కడే పోయారు. రెండున్నర నెలలైంది. వయసు 38. ఇళ్లకు కరెంటు పని, మోటార్ల వైండింగ్ చేసేవారు. నెలకు 18 వేల దాకా వచ్చేది, చాలావరకు చేతికే. ఖమ్మంలో ఉంటాం. ఇంట్లో అక్క, ఇద్దరు పిల్లలు, బావ వాళ్లమ్మ ఉన్నారు. మామయ్య లేరు.

మూడు చిక్కులున్నాయి. ఫిర్యాదు ఇచ్చిన మా బంధువు ప్రమాదం చూడలేదు. ఎఫ్‌ఐఆర్‌లో "బైక్ అదుపు తప్పి పడగా వెనుక వస్తున్న లారీ ఎక్కింది" అని పడింది. రోడ్డు పక్క హోటల్ అతను మాత్రం లారీయే వచ్చి గుద్దిందని చెబుతున్నాడు. రెండోది, లారీ ఓనర్ మనుషులు 4 లక్షలు ఇస్తాం, రాజీ కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. మూడోది, ఒకాయన కేసు మొత్తం తనే చూసుకుంటానని, వచ్చినదాంట్లో 30 శాతం తనకని, రెండు ఖాళీ చెక్కులు అడిగాడు. అక్క భయపడిపోతోంది. ఏం చేయమంటారు?

కోర్టు_వరండా

ముందు మీ అక్కగారికి ఒక్క మాట చెప్పండి: ఎక్కడా సంతకం పెట్టొద్దు, చెక్కు ఇవ్వొద్దు.

ఆ 4 లక్షలు ఓనర్ ఇస్తున్నది క్రిమినల్ కేసు భయంతో. అసలు పరిహారం కట్టాల్సింది లారీ ఇన్సూరెన్స్ కంపెనీ. థర్డ్ పార్టీ పాలసీలో మరణానికి ఇంతే కట్టాలన్న పైపరిమితి లేదు. రాజీ కాగితంలో "డ్రైవర్ తప్పేమీ లేదు" అన్న వాక్యం ఒక్కటి ఉంటే చాలు, కంపెనీ లాయరు రేపు దాన్నే కోర్టులో చదువుతాడు.

30 శాతం బేరం సంగతి: కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. ఆయన అసలు లాయరో, మధ్యవర్తో కూడా కనుక్కోండి. 1987 న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఎఫ్‌ఐఆర్ నకలు, మీ అక్క ఆధార్ పట్టుకుని వెళ్లండి. ఫోన్‌లో అడగాలంటే 15100.

గడువు: మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద ప్రమాదం జరిగిన 6 నెలల్లో పిటిషన్ వేయాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. అయినా ఆ ధీమాతో ఒక్క రోజు కూడా ఆగకండి. మీకు ఇంకా మూడున్నర నెలలుంది, తొందరపడితే సరిపోతుంది. ప్రమాదం సూర్యాపేట జిల్లాలో జరిగినా మీరుండే ఖమ్మంలోనే వేసుకోవచ్చు, చట్టం ఆ వీలిచ్చింది. వాయిదాలకు తిరగాల్సింది మీ అక్క కాబట్టి అదే మేలు.

పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు (ప్రమాద పరిహారం కేసులు తేల్చే కోర్టు) పంపాలి. పంపారో లేదో స్టేషన్లో అడిగి నకలు తీసుకోండి. అది వెళ్లింది కదా అని కూర్చోకుండా మీ ఓ.పి. (పరిహారం పిటిషన్) మీరు వేయండి. పిటిషనర్లుగా అక్క, ఇద్దరు పిల్లలు (అక్క గార్డియన్‌గా), అత్తగారు నలుగురూ ఉండాలి. ఎదురు పార్టీలు లారీ ఓనరు, ఇన్సూరెన్స్ కంపెనీ. డ్రైవర్ని కూడా చేర్చడం మంచిది.

కావలసిన కాగితాలు: ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, ప్రమాద స్థలం రఫ్ స్కెచ్, ఎం.వి.ఐ. (బండ్లను పరిశీలించే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, ఛార్జిషీటు. ఇవన్నీ మేజిస్ట్రేటు కోర్టు నుంచి సర్టిఫైడ్ కాపీలుగా తీయించాలి. డెత్ సర్టిఫికెట్, మీసేవలో పెట్టుకుంటే తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ వీటికి అదనం. ఆ సర్టిఫికెట్‌లో అత్తగారి పేరు తప్పకుండా పడేలా చూడండి. లారీ పాలసీ వివరాలు ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే వస్తాయి. పాలసీ ఏ రోజు, ఏ గంట నుంచి మొదలైందో చూసుకోండి. ప్రమాదం జరిగిన రోజే కట్టిన పాలసీ అయితే ఆ గంట మీదే కేసంతా నడుస్తుంది.

మైలురాయి_65

ఎఫ్‌ఐఆర్ సంగతి నేను చెబుతా, ఎందుకంటే మీ కేసులో బలహీనమైన చోటు అదే.

ఎఫ్‌ఐఆర్ దర్యాప్తు మొదలుపెట్టే కాగితం మాత్రమే. చూడని మనిషి ఇచ్చిన ఫిర్యాదులో తప్పు పడటం కొత్తేమీ కాదు. కానీ దర్యాప్తులో అది సరికాకపోతే, బావగారు తనంతట తానే పడ్డారు కాబట్టి తప్పులో ఆయనకూ వాటా ఉందని కంపెనీ వాదిస్తుంది. కోర్టు 25 శాతమో, 50 శాతమో ఆయన మీద వేస్తే పరిహారంలో అంత భాగం పోయినట్టే.

అందుకే ఛార్జిషీటు పడకముందే హోటల్ అతని వాంగ్మూలం పోలీసులు రికార్డు చేయాలి. నోటిమాటగా కాదు, దర్యాప్తు అధికారికి అర్జీ రాసివ్వండి, రెండో కాపీ మీద రసీదు ముద్ర వేయించుకోండి. అదే అర్జీ జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఛార్జిషీటులో సాక్షుల జాబితాలో అతని పేరుంటే రేపు ట్రిబ్యునల్‌లో అతన్ని నమ్ముతారు. ఆ జాబితాలో లేని మనిషి కొన్నాళ్ల తర్వాత వచ్చి నేను చూశానంటే తెచ్చిపెట్టిన సాక్షి అంటారు.

ఇంకొకటి, బైక్ ఇంకా స్టేషన్ ఆవరణలోనే ఉంటే ఇవాళే వెళ్లి ఫోటోలు తీయండి. వెనక మడ్‌గార్డు, నంబర్ ప్లేటు, టెయిల్ లైటు లోపలికి నొక్కుకుపోయి ఉంటే వెనక నుంచి గుద్దినట్టు. ముందే జారి పడిన బండికి దెబ్బలు పక్కన ఉంటాయి: ఫుట్‌రెస్టు అరిగి, హ్యాండిల్ కొస గీసుకుపోయి, సైలెన్సర్ మీద గీతలు. ఎం.వి.ఐ. రిపోర్టులో దెబ్బతిన్న భాగాల వరుస ఉంటుంది. మీ ఫోటోలకూ దానికీ పొంతన కుదిరితే ఎఫ్‌ఐఆర్‌లోని ఆ వాక్యానికి బలం పోతుంది. బండి విడిపించగానే తుక్కుకి అమ్మేయకండి.

పెట్రోలు బంకు, టోల్ గేటు సీసీ కెమెరాల్లో పాత రికార్డు చెరిగిపోతూ ఉంటుంది. రెండున్నర నెలలకు మిగలడం కష్టమే, అయినా పోలీసులు ముందే తీసుకున్నారేమో అడగండి.

క్రిమినల్ కేసులో డ్రైవర్ విడుదలైనా మీ ఓ.పి. పోదు. అక్కడ అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి, ఇక్కడ ఏది ఎక్కువ నమ్మదగినదిగా ఉందో చూస్తారు.

లెక్కల_పద్దు

ఎంత రావచ్చో మీరు అడగలేదు గానీ 4 లక్షల మాట వచ్చింది కాబట్టి లెక్క తెలియాలి. సరళా వర్మ (2009), ప్రణయ్ సేథీ (2017) తీర్పుల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన పద్ధతి ఇదీ.

నెలకు 18,000 అని కోర్టు నమ్మితే, సొంత పని చేసుకునే 40 లోపు మనిషికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు: 25,200. ఆధారపడినవాళ్లు నలుగురు కాబట్టి ఆయన సొంత ఖర్చుకి నాలుగో వంతు తీసేస్తారు: 18,900. ఏడాదికి 2,26,800. 36 నుంచి 40 ఏళ్ల మధ్య వయసుకి గుణకం (ఏడాది మొత్తాన్ని హెచ్చించే అంకె) 15. మొత్తం 34,02,000. దీనికి అంత్యక్రియలకు, ఆస్తి నష్టానికి 15 వేల చొప్పున, తోడు కోల్పోయినందుకు 40 వేలు కలపాలి. ఇవి మూడేళ్లకోసారి 10 శాతం పెరుగుతాయి. 2020, 2023 పెంపులతో 18,150, 48,400 అయ్యాయి. అన్నీ కలిపి సుమారు 34 లక్షల 87 వేలు. పిటిషన్ వేసిన రోజు నుంచి దాని మీద వడ్డీ.

అదే కోర్టు "ఆదాయానికి రుజువు లేదు" అని ఊహా ఆదాయం 12,000 వేసిందనుకోండి, 34,02,000 కాస్తా 22,68,000 అవుతుంది. 11 లక్షల 34 వేలు తేడా. వాదన ఎంత గట్టిగా ఉన్నా ఆ డబ్బు తిరిగి రాదు, కాగితమే తేవాలి.

చేతికి డబ్బు తీసుకునే పనివాడి ఆదాయం ఎలా చూపాలంటే: బ్యాంకు స్టేట్‌మెంట్ కనీసం రెండేళ్లది తీయండి. ఫోన్‌పే, గూగుల్ పే జమలన్నీ అందులోనే కనిపిస్తాయి. బావగారి సిమ్ రీచార్జి ఆపకండి, నంబరు పోతే యాప్‌లోని పాత లావాదేవీలు తెరవలేరు. రాగి తీగ, వార్నిష్, కెపాసిటర్లు కొన్న షాపు బిల్లులు ఆయన పేరు మీద ఉంటే ఏరండి. వైర్‌మన్ లైసెన్సు ఉంటే అది. పని లెక్క రాసుకున్న నోటుబుక్కు ఉంటే అదే బంగారం. నూనె మరకలున్నా, సగం పేజీలు చిరిగినా అలాగే ఉంచండి, దాన్ని కొత్త పుస్తకంలోకి నీటుగా ఎక్కించొద్దు. ఒకే పెన్నుతో ఒకే రోజు రాసినట్టున్న పుస్తకాన్ని ఏ జడ్జీ నమ్మరు. పోయాక హడావుడిగా వేసిన ఐటీ రిటర్నుకీ అదే గతి.

కాంట్రాక్టరు దగ్గర "నెలకు 18 వేలు ఇచ్చేవాణ్ణి" అని లెటర్ తెస్తే చాలదు. రాసిన మనిషి బోనెక్కి చెప్పాలి. రాలేనివాడి లెటర్ కోసం తిరగకండి.

కోర్టు_వరండా

పై లెక్కలో ఒక సవరణ. తోడు కోల్పోయిన పరిహారం ఒక్కరికే వేశారు. 2018లో మాగ్మా జనరల్ ఇన్సూరెన్స్ కేసు తీర్పు నుంచి భార్యకు, పిల్లలకు, తల్లికి విడివిడిగా ఇస్తున్నారు. నలుగురికి 48,400 చొప్పున 1,93,600. మొత్తం 36,31,900 అవుతుంది. పిటిషన్‌లో నలుగురి పేరునా విడిగా అడగమని లాయరుకి చెప్పండి.

తమ్ముడు_ఖమ్మం

చాలా థ్యాంక్స్ అండి. నోటుబుక్కు ఉంది, తీసి జాగ్రత్త చేశాను. ఇంకో అనుమానం. బావ ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని వేసి నాలుగేళ్లు ఎక్కువ పడింది, దాని ప్రకారం 42. పోస్టుమార్టంలో "సుమారు 45" అని రాశారు. టెన్త్ మెమోలో మాత్రం సరిగ్గా ఉంది. ఏది చూస్తారు?

లెక్కల_పద్దు

టెన్త్ మెమో. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని, స్కూలు సర్టిఫికెట్‌లో ఉన్న తేదీనే తీసుకోవాలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇలాంటి ప్రమాద కేసులోనే చెప్పింది. పోస్టుమార్టంలో డాక్టరు రాసేది చూపు అంచనా.

దీన్ని చిన్న విషయమని వదలకండి. 42 అని తీసుకుంటే పెరుగుదల 40 శాతానికి బదులు 25, గుణకం 15కి బదులు 14. 34,02,000 వచ్చేది 28,35,000కి దిగుతుంది. మెమో ఒరిజినల్ పిటిషన్‌తోనే దాఖలు చేయించండి. పిటిషన్లో, అక్క అఫిడవిట్‌లో, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌లో మూడు చోట్లా 38 అనే ఉండాలి. గుమాస్తా ఆధార్ చూసి టైపు చేస్తాడు, సంతకానికి ముందు ఆ గడి మీరు చదవండి.

పాస్‌బుక్_పేజీ

కోర్టుతో సంబంధం లేనిది ఒకటి. బావగారి పాస్‌బుక్‌లో మే, జూన్ నెలల్లో 20 రూపాయలు గానీ 436 రూపాయలు గానీ కోత పడిందేమో చూడండి. 20 అయితే ప్రధానమంత్రి సురక్షా బీమా, 436 అయితే జీవన్ జ్యోతి. ఒక్కోదానికి 2 లక్షలు. రెండూ ఉంటే రెండూ వస్తాయి. క్లెయిమ్ ఫారం బ్యాంకులోనే ఇస్తారు, ఇప్పటికే ఆలస్యమైంది కాబట్టి రేపే వెళ్లండి. ఎల్‌ఐసీ పాలసీ ఉంటే అదీ. ఈ డబ్బు వచ్చిందని ట్రిబ్యునల్ పరిహారంలో కోయరు, కాబట్టి దాచాల్సిన పనీ లేదు.

మైలురాయి_65

చివర్లో రెండు ముక్కలు. కేసు నడుస్తుండగా లోక్ అదాలత్‌లో రాజీకి పిలుస్తారు. అది చెడ్డదేం కాదు, డబ్బు త్వరగా వస్తుంది. కానీ అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు ఉండదు. పై లెక్క కాగితం మీద రాసి పట్టుకెళ్లండి, కంపెనీ చెప్పిన అంకె దాని పక్కన పెట్టి చూసుకున్నాకే తల ఊపండి. ట్రిబ్యునల్ తీర్పు తక్కువనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకి వెళ్లొచ్చు.

పిల్లల వాటా వాళ్లు మేజర్లయ్యేదాకా జాతీయ బ్యాంకులో డిపాజిట్‌గా ఉంచమంటుంది కోర్టు. స్కూలు ఫీజుకి అవసరమైతే పిటిషన్ పెట్టి కొంత తీసుకోవచ్చు. అక్క పేరు మీద ఇప్పుడే సొంత ఖాతా తెరిపించండి, జాయింటుగా ఎవర్నీ పెట్టొద్దు, పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సు లాయరు ఫైల్లో వేయించండి. ఏటీఎం కార్డు, చెక్ బుక్కు అక్క బీరువాలోనే ఉండాలి.