కాయిల్‌లో అయస్కాంతం పెట్టినా ఎల్‌ఈడీ వెలగడం లేదు, ఎందుకు?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మా పాప పదో తరగతి. సైన్స్ ఎగ్జిబిషన్ కోసం అయస్కాంతంతో కరెంటు పుట్టించే ప్రాజెక్టు తీసుకుంది. ప్లాస్టిక్ గొట్టం మీద రాగి తీగ 50 చుట్లు చుట్టి, కొసలకు ఎర్ర ఎల్‌ఈడీ కలిపాం. గొట్టంలో నియోడిమియం అయస్కాంతం పెట్టాం. ఎంతసేపు ఉంచినా వెలగదు. కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు తిరగడం మేమే చేసి చూశాం. మరి అయస్కాంతం పెడితే తీగలో కరెంటు రావాలి కదా? ఎల్లుండే ఎగ్జిబిషన్, పాప టెన్షన్ పడుతోంది.

జవాబు (ఫిజిక్స్ టీచర్): అయస్కాంతం ఉంటే చాలదండీ, కదులుతూ ఉండాలి. మీకొచ్చిన సందేహం చాలా విలువైనది. 1820లో ఆయిర్‌స్టెడ్ కరెంటుతో దిక్సూచి ముల్లు తిరుగుతుందని చూపాక, దాన్ని తిరగేసి అయస్కాంతంతో కరెంటు తేవాలని చాలామంది ప్రయత్నించారు. 1831 ఆగస్టు 29న ఫారడే అనే శాస్త్రవేత్త ఇనుప రింగుకి చెరోవైపు తీగ చుట్టి, ఒక చుట్టకు బ్యాటరీ కలిపాడు. కలిపిన క్షణంలో రెండో చుట్ట దగ్గరున్న ముల్లు ఊగి ఆగిపోయింది. బ్యాటరీ తీసేసినప్పుడు మళ్లీ ఊగింది, ఈసారి ఎదురు దిక్కుకి. ఆ మధ్యలో ఇనుము అయస్కాంతంగానే ఉంది, ముల్లు మాత్రం కదల్లేదు. అంటే తీగచుట్ట గుండా వెళ్లే అయస్కాంత అభివాహం (చుట్టలోంచి పోయే అయస్కాంత క్షేత్రం మొత్తం) మారుతున్నంతసేపే కరెంటు. ఎంత తొందరగా మారితే అంత ఎక్కువ వోల్టేజి.

మీ కాయిల్‌కే లెక్క వేద్దాం. చిన్న నియోడిమియం ముక్క నుంచి చుట్ట గుండా వెళ్లే అభివాహం సుమారు 0.0001 వెబర్ (అభివాహాన్ని కొలిచే యూనిట్) అనుకోండి. దాన్ని 0.02 సెకన్లలో లోపలికి తోస్తే ఒక్కో చుట్టుకి 5 మిల్లీవోల్టులు. 50 చుట్లకి పావు వోల్టే. ఎర్ర ఎల్‌ఈడీకి దాదాపు 1.8 వోల్టులు కావాలి. కనీసం 500 చుట్లు చుట్టి, అయస్కాంతాన్ని గొట్టంలో అటూ ఇటూ వేగంగా ఊపండి.

ఇంకొకరు (మోటార్ వైండింగ్ పని): సార్ చెప్పింది కరెక్ట్. ఒక్కటి చూసుకోండి: వైండింగ్ తీగకి పైన కనపడని ఎనామిల్ పూత ఉంటుంది, అది కరెంటుని పోనివ్వదు. కొసలు బ్లేడుతోనో ఉప్పు కాగితంతోనో ఎర్రగా మెరిసేదాకా గీకకపోతే ఎన్ని చుట్లు చుట్టినా వేస్టే. 34 గేజి సన్న తీగ తీసుకోండి. లావు తీగ అయితే 500 చుట్లకి గొట్టం మీద చోటు చాలదు. చుట్టేటప్పుడు దిక్కు మార్చొద్దు, సగం ఇటు సగం అటు చుడితే ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. ఇంకో ఎల్‌ఈడీని మొదటిదానికి పక్కనే తిరగేసి కలపండి. అయస్కాంతం లోపలికి వెళ్లేటప్పుడు ఒకటి, బయటికి వచ్చేటప్పుడు ఇంకొకటి వెలుగుతాయి. కరెంటు దిక్కు మారుతోందని చూసేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: వెలిగిందండీ! కొసలు అస్సలు గీకలేదు మేము. ఇద్దరికీ చాలా థ్యాంక్స్. పాప ఇప్పుడు ఇంకోటి అడుగుతోంది: బ్యాటరీ లేకుండా ఆ వెలుగుకి శక్తి ఎక్కడినుంచి వస్తోంది? అయస్కాంతం అరిగిపోతుందా?

జవాబు (ఫిజిక్స్ టీచర్): అరగదమ్మా. శక్తి నీ చేతిది. తీగలో కరెంటు పుట్టగానే ఆ చుట్ట కూడా అయస్కాంతమై, వస్తున్నదాన్ని నెడుతుంది, పోతున్నదాన్ని లాగుతుంది. ఆ అడ్డుని దాటడానికి నువ్వు చేసే పనే వెలుగవుతుంది. దీన్నే లెంజ్ నియమం అంటారు. ఒక్క ఎల్‌ఈడీతో ఆ అడ్డు చేతికి తెలియదు. ఏసీ మెకానిక్ దగ్గర మూరెడు రాగి గొట్టం ముక్క దొరుకుతుంది, అందులో కాస్త వదులుగా సరిపోయే అయస్కాంతం తీసుకో. గొట్టం నిలువుగా పట్టుకుని ముందు అంతే సైజు ఇనుప ముక్క వదులు, టక్కున కింద పడుతుంది. తర్వాత అయస్కాంతం వదిలి పైనుంచి చూడు, నెమ్మదిగా దిగుతూ కనిపిస్తుంది. గొట్టం గోడలో పుట్టే కరెంటే దాన్ని అలా అడ్డుకుంటుంది. రాగిని అయస్కాంతం ఆకర్షించదని ముందే అంటించి చూపించు, లేకపోతే అతుక్కుని ఆగుతోందనుకుంటారు.