సొంత లారీ ఒక్కటే ఉన్నవాళ్లకి నెలాఖరుకి ఏమైనా మిగులుతోందా?

గాజువాక పది టైర్లు:
అన్నలూ, బండి నాదే, డ్రైవరూ నేనే. విశాఖ పోర్టు నుంచి రాయ్‌పూర్ వైపు లోడు. డీజిలు, టోలు, బత్తా, కమీషను తీసేశాక ట్రిప్పుకి ఎంతో కొంత మిగిలినట్టే కనిపిస్తుంది, తీరా కిస్తీ తేదీకి అప్పు కోసం తిరగాల్సి వస్తోంది. ఎక్కడ పోతోంది? మీరు లెక్క ఎలా రాస్తారు?

సాలూరు లారీ:
ట్రిప్పు లెక్క పక్కన పెట్టు తమ్ముడూ. ఇన్సూరెన్సు, పర్మిటు, క్వార్టర్లీ టాక్సు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఇవన్నీ బండి కదలకపోయినా కట్టాల్సినవే. మీ బండికి ఇన్సూరెన్సులో తప్పనిసరిగా కట్టే థర్డ్ పార్టీ ప్రీమియమే 2022 రేట్ల ప్రకారం 43,950, దానిపై జీఎస్టీ, నేషనల్ పర్మిటు ఫీజు ఏడాదికి 16,500. ఏడాది మొత్తానికి అన్నీ కలిపి పన్నెండుతో భాగించి, దానికి కిస్తీ కలిపి, నెలలో బండి నిజంగా తిరిగిన రోజులతో భాగించు. గేటు బయట లోడు కోసం పడిగాపులు కాసిన రోజు ఎంత తింటోందో అప్పుడు తెలుస్తుంది. టైర్లకి మాత్రం కిలోమీటరుకి ఇంత అని ప్రతి ట్రిప్పులో తీసి పక్కన పెట్టు. మా సాలూరు ఘాటు ఎక్కి దిగే బండికి టైర్లు, బ్రేకు లైనింగులు తొందరగా పోతాయి, షాపువాడు చెప్పే కిలోమీటర్లు నమ్మొద్దు.

ఆటోనగర్ బాబాయి:
డీజిలు సంగతీ చూడు. మన ఆంధ్రాలో వ్యాట్ 22.25 శాతం, పైన లీటరుకి 4 రూపాయలు, మళ్లీ రోడ్డు సెస్సు 1. తిరుగు ప్రయాణానికి రాయ్‌పూర్‌లోనే ట్యాంకు నింపుకో, అక్కడ రేటు తక్కువ. కిరాయి చాలట్లేదని ఓవర్‌లోడు మాత్రం వద్దు, పది టైర్ల లారీకి బండి బరువుతో కలిపి 28.5 టన్నులే. కాటాలో మూడు టన్నులు ఎక్కువ తేలితే జరిమానా 20,000, పైన టన్నుకి 2,000, అంటే 26,000. ట్రిప్పు మొత్తం గోవిందా!

గాజువాక పది టైర్లు:
అయ్య బాబోయ్, నేను టైర్లు అసలు లెక్కలోకే తీసుకోలేదు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసువాళ్లు కిరాయిలోంచి ముందే టీడీఎస్ అని ఆదాయపు పన్ను కూడా కోస్తున్నారు, అది కట్టాల్సిందేనా?

ఎన్‌ఏడీ అకౌంట్లు:
పది బండ్లకి మించి లేని ఓనరు పాన్ నంబరుతో డిక్లరేషన్ ఇస్తే టీడీఎస్ కోయకూడదు, కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. లారీ ఓనర్లకి ఉన్న అంచనా ఆదాయం పద్ధతిలో (1961 చట్టంలో 44ఏఈ) రిటర్ను వేస్తే, బండితో కలిపిన మొత్తం బరువులో టన్నుకి నెలకి 1,000 చొప్పున మీ బండికి 28,500 ఆదాయంగా చూపిస్తారు, బండి ఆగి ఉన్న నెలకీ అంతే. ఇప్పటికే కోసింది మీ పాన్ మీద జమైన పన్ను చూపే 26ఏఎస్‌లో కనిపిస్తుంది, రిటర్ను వేస్తే మీరు కట్టాల్సిన పన్ను పోను మిగతాది వెనక్కి వస్తుంది.

సాలూరు లారీ:
లోడు కోసం బండి ఆపించిన రోజులకి హాల్టింగ్ చార్జీ కూడా అడుగు. గేటు లోపలికి వెళ్లిన టైము ఎల్‌ఆర్ (లోడు రసీదు) మీద రాయించుకోకపోతే మాత్రం ఎవడూ ఇవ్వడు.