అప్‌డేట్: నాగానో, సెందాయ్‌లలో అమ్మ ఏం తిన్నదంటే

పూర్తి శాకాహారి అయిన మా అమ్మను జపాన్ తీసుకెళ్తున్నాను, అక్కడి ఊరి వంటల్లో ఏవి పెట్టొచ్చు అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

నాగానోలో ఓయకి అనే పిండివంట మమ్మల్ని కాపాడింది. అది కొండ ప్రాంతం, చలెక్కువ. వరి అంతగా పండని ఊళ్లలో గోధుమపిండి, బక్‌వీట్ పిండితోనే కడుపు నింపుకునేవారట. ఆ పిండిముద్దలో కూర పెట్టి ఆవిరి మీదో, పెనం మీదో కాలుస్తారు. గుమ్మడికాయది అమ్మ రెండు తిన్నది. నొజావానా అనే ఆకుకూర ఊరగాయ పెట్టింది నాకు ఇంకా నచ్చింది, పులుపు, ఉప్పు సరిగ్గా కుదిరాయి. ఒక్కటి గుర్తుంచుకోండి: లోపలి కూరలో చేప నీళ్లు, అంటే దాషి, కలిసే అవకాశం ఉంది. ప్రతిచోటా అడిగే కొన్నాం.

యోకాన్ అనే జెల్లీ లాంటి గింజల మిఠాయి గురించి అమ్మ భయపడింది, జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుందేమోనని. సంప్రదాయ యోకాన్‌ని గట్టిపరిచేది కాంతెన్, సముద్రపు నాచు నుంచి తీసేది. నాగానోలోని చినో వైపు చలికాలంలో దాన్ని ఆరుబయటే గడ్డకట్టించి, ఎండబెట్టి తయారుచేస్తారు.

సెందాయ్‌లో జుందా మోచి. లేత సోయా గింజలు ఉడికించి, పొట్టు తీసి, చక్కెర, చిటికెడు ఉప్పుతో నూరి మోచి, అంటే జిగురు బియ్యపు ముద్ద, మీద వేస్తారు. ఆ పచ్చి గింజల వాసన, అబ్బ! ఇంటికొచ్చాక అమ్మ పచ్చి బఠాణీతో చేసి చూసింది. ఆ రుచి రాలేదు, కానీ గిన్నె ఖాళీ అయింది.