‘బ్లూ కామెల్’ ఆల్బమ్‌లో మాయామాళవగౌళ వినిపించింది, నా భ్రమా?

గాజువాక బేస్:
ఎంవీపీ కాలనీలో ఫ్రెండ్ వాళ్ల మేడ మీద ఓ రాత్రి వాడు ఒక సీడీ పెట్టాడు. రబీ అబూ ఖలీల్ ‘బ్లూ కామెల్’, 1992లో వచ్చింది, ఇన్నాళ్లూ నేను పేరే వినలేదు. ఆయనది బేరూత్, అంతర్యుద్ధం రోజుల్లో 1978లో మ్యూనిక్ వెళ్లిపోయారట, వాయించేది ఊద్ అనే అరబ్బీ తీగల వాద్యం. పక్కన శాక్సఫోన్, ట్రంపెట్, స్టీవ్ స్వాలో ఎలక్ట్రిక్ బేస్. నేనూ బేస్ వాయిస్తాను కాబట్టి మొదట దానికోసమే విన్నాను, కానీ ఊద్ దగ్గర ఆగిపోయాను, ఎందుకంటే చిన్నప్పుడు మా అక్క పొద్దున్నే మాయామాళవగౌళ రాగంలో సాధన చేసిన సరళీ స్వరాలు గుర్తొచ్చాయి. నిజంగా సంబంధం ఉందా? ఇంకోటి, తాళం లెక్కపెడితే నాలుగుకి రావట్లేదు, తలనొప్పిగా ఉంది.

వయొలిన్ మాస్టారు:
భ్రమ కాదు బాబూ. మనకి రాగం ఉన్నట్టు వాళ్లకి మఖామ్. హిజాజ్ అనే మఖామ్ మొదటి నాలుగు స్వరాలు షడ్జమం, శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, అంటే మాయామాళవగౌళ పూర్వాంగమే. పంచమం నుంచి అదే వరస మళ్లీ పెడితే హిజాజ్ కార్ అంటారు, మన 15వ మేళకర్త, అంటే మాయామాళవగౌళ స్వరాలు మొత్తం వచ్చేస్తాయి. అయినా స్వరాలు కలిసినంత మాత్రాన రాగం అయిపోదు, గమకం, అంటే స్వరాన్ని ఊపే తీరు వేరు, ఎక్కడ నిలుస్తారన్నది వేరు. రాస్త్ అనే ఇంకో మఖామ్ తీసుకోండి, దాని గాంధారం మన సాధారణ, అంతర గాంధారాల మధ్యలో పడుతుంది. వీణకి 24 మెట్లున్నా ఆ స్వరానికి మెట్టు లేదు, తీగ లాగాలి. ఊద్‌కి మెట్లే ఉండవు కదా, వేలు ఎక్కడ పెడితే అక్కడ పలుకుతుంది. నిన్న ఆ గాంధారం కోసం నా వయొలిన్ మీద చూశాను, ఎంత ఆపినా వేలు అలవాటైన చోటికే జారిపోతోంది.

జగదాంబ డ్రమ్స్:
గురూ, మన వాసన వచ్చేది స్వరాల్లోనే కాదు! అందులో దక్షిణాది వాద్యాలు వాయించింది రమేష్ షోతమ్, మద్రాసులో పుట్టినాయన, తవిల్ నేర్చుకున్నారు. శాక్సఫోన్ చార్లీ మారియానో, ఆయన నాదస్వరం కూడా నేర్చుకున్నారు. ఇక తాళం, నాలుగు కోసం వెతక్కు. చిన్న ముక్కలుగా నోటితో పలుకు, ఏడైతే తకిట తకధిమి, మన మిశ్ర చాపే. అరబ్బుల్లో సమాయి తకీల్ అని 10 లెక్క తాళం ఉంది, 3, 2, 2, 3గా పట్టుకుంటే కాలు దానంతటదే కదులుతుంది.

భీమిలి రాత్రులు:
మంచి ఆల్బమే కానీ ఇందులో రాక్ తక్కువ, జాజ్ ఎక్కువ. రాక్ కావాలంటే ఇటలీ బ్యాండ్ ఆరెయా మొదటి ఆల్బమ్ వినండి, 1973. గాయకుడు డెమెత్రియో స్ట్రాటోస్ గ్రీకు కుటుంబంలో, ఈజిప్టు అలెగ్జాండ్రియాలో పుట్టాడు. మొదటి పాటే ఒక ఆమె అరబ్బీ మాటలతో మొదలవుతుంది, ఆ వెంటనే బ్యాండ్ మొత్తం ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం.

గాజువాక బేస్:
మాస్టారూ, చాలా థాంక్స్. అక్కకి ఫోన్లో ఊద్ వినిపించాను, రెండు నిమిషాలు విని సరిగమపదనిస అంటూ తనే అందుకుంది. ఇవాళ సాయంత్రం తకిట తకధిమితో మళ్లీ కూర్చుంటాను, ఆరెయా కూడా వెతుకుతాను.