ఓర్లాండోలో ముందే డబ్బు కట్టే భోజన పథకం మాలాంటి కుటుంబానికి కలిసివస్తుందా?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు అట్లాంటాలో ఉంటున్నారు. 2026 డిసెంబరులో నేనూ నా భార్యా అక్కడికి వెళ్ళినప్పుడు, పిల్లలతో కలిసి కారులో ఓర్లాండోకు వెళ్ళి, అక్కడి వినోద పార్కులున్న వాల్ట్ డిస్నీ వరల్డ్ ప్రాంగణంలోని హోటల్లోనే నాలుగు రాత్రులు బస చేయాలని అనుకున్నాం. పెద్దవాళ్ళం నలుగురం, మనవడికి ఆరేళ్ళు, మనవరాలికి ఇంకా రెండు నిండలేదు. గది తీసుకునేటప్పుడే భోజనాలకు కూడా డబ్బు కట్టేసే పథకం ఒకటి ఉందని, తీసుకుంటే రోజూ జేబు తడుముకోనక్కరలేదని అమ్మాయి అంటోంది. అల్లుడు మాత్రం ఇంత మొత్తం ముందే కట్టడం దండగేమోనని వెనకాడుతున్నాడు. చివరికి తేల్చే పని నాకు అప్పగించారు.

నా అనుమానానికి కారణం ఒక పాత అనుభవం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను విజయనగరంలో ఒక మెస్సులో నెలకు సరిపడా భోజనం టికెట్ల పుస్తకం కొనేవాణ్ణి. పూట లెక్కన చూస్తే విడిగా తినడం కంటే చవకే. కానీ శనివారం సాయంత్రం పాసింజరు ఎక్కి ఇంటికి పోయేవాణ్ణి, పండగకు రెండు రోజులు సెలవు పెట్టేవాణ్ణి, ఎవరైనా చుట్టాలు భోజనానికి పిలిచేవారు. నెలాఖరుకు ఆ గులాబీ రంగు చీటీలు ఎనిమిదో పదో చింపకుండా మిగిలిపోయేవి. వచ్చే నెలకు అవి చెల్లవు. చవక అనుకున్న భోజనం నాకు నిజంగా ఎంత పడిందో చీటీలు లెక్కపెట్టుకున్నప్పుడు గాని తెలియలేదు.

నా భార్య శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నాకు చక్కెర వ్యాధి ఉంది కాబట్టి వేళకు తినాలి, కానీ ఎక్కువ తినను. మాలాంటి వాళ్ళకు ఈ పథకం వల్ల డబ్బు మిగులుతుందా, లేక ఆ గులాబీ చీటీల కథే అవుతుందా? వెళ్ళివచ్చినవారు దయచేసి లెక్కలతో చెప్పగలరు.

గంటస్తంభం_విజయనగరం

అయ్యా, నమస్కారం. మేము 2024 వేసవిలో మా అబ్బాయి కుటుంబంతో వెళ్ళాం. అంతకుముందు నేను కూడా మీలాగే కాగితం మీద చాలా లెక్కలు వేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ పథకాన్ని కరోనా కాలంలో, 2020లో నిలిపివేశారు. 2024 జనవరి 9 నుంచి తిరిగి ప్రారంభించారు. రెండు రకాలు ఉన్నాయి. మొదటిదాన్ని క్విక్ సర్వీస్ అంటారు. కౌంటరు దగ్గర తెచ్చుకుని తినే భోజనాలు రెండు, చిరుతిండి ఒకటి, ఒక్కొక్కరికి రాత్రి బసకు ఇంత అని లెక్కగట్టి ఇస్తారు. దానితో పాటు పానీయం ఎన్నిసార్లయినా నింపుకునే కప్పు ఒకటి ఉంటుంది, కాని అది బస చేసిన హోటళ్ళలోనే పనికివస్తుంది, పార్కు లోపల పనికిరాదు. రెండో రకంలో ఒక కౌంటరు భోజనం, ఒక చిరుతిండితో పాటు, కూర్చుంటే వడ్డించే భోజనం ఒకటి ఉంటుంది. 2024లో పెద్దలకు రాత్రికి మొదటిది 57.01 డాలర్లు, రెండోది 94.28 డాలర్లు. మూడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు 23.83, 29.69. ఆ తర్వాత పెరిగాయి కాబట్టి ఇప్పటి ధర మీ అమ్మాయి చూసుకోవాలి, కాని లెక్క వేసే పద్ధతి మారదు. రెండో రకం తీసుకోమని మీకు చెప్పను. వడ్డించినవారికి ఇవ్వవలసిన టిప్పు అందులో కలవదు, అక్కడ అది బిల్లులో అయిదో వంతు దాకా ఉంటుంది. పైగా పిల్లలతో వేళకు ముందే బల్ల ఖాయం చేసుకుని పరుగులు పెట్టాలి.

ఇక మొదటి రకం సంగతి. 57 డాలర్లలో చిరుతిండికి ఏడు డాలర్లు తీసేస్తే యాభై మిగులుతాయి, అంటే పూట భోజనం ఇరవై అయిదు డాలర్లకు కొన్నట్టు. మేము అక్కడ కౌంటరులో ఒక శాకాహార పళ్ళెం, ఒక శీతల పానీయం తీసుకుంటే మాకు పదహారు, పదిహేడు డాలర్లకు మించలేదు. పూటకు ఎనిమిది డాలర్ల చొప్పున, ఎనిమిది పూటలకు మనిషికి అరవై నాలుగు డాలర్లు అదనంగా ఇచ్చినట్టే. కప్పు విలువ ఇరవై డాలర్లని తీసేసుకున్నా, అది కూడా మీరు విడిగా కొనేవారైతేనే కదా. ఈ ఇరవై అయిదును రాబట్టుకునేది ఎవరంటే, భోజనంతో పాటు బీరో వైనో తీసుకునేవారు. ఇరవై ఒకటేళ్ళు దాటినవారికి అదీ పథకంలోనే వస్తుంది. ఎప్పుడూ పట్టికలో ఖరీదైన మాంసాహార పళ్ళాన్నే ఎంచుకునేవారికి కూడా గిట్టుతుంది. మీ ఇంట్లో ఆ రెండూ లేవని మీ ప్రశ్నలోనే తెలుస్తోంది.

ఇంకొక సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. నాలుగు రాత్రులంటే మీరు తినేది అయిదు రోజులు, కాని భోజనాలు వచ్చేది నాలుగు రోజులకే, అంటే మనిషికి ఎనిమిది. పైగా ఒకే గదిలో ఉన్న మూడేళ్ళు నిండిన వారందరికీ, బస చేసే అన్ని రాత్రులకూ కొనాలి. తక్కువ తినే మీ ఇద్దరినీ వదిలేసి అమ్మాయికీ అల్లుడికీ మాత్రమే తీసుకుందామంటే కుదరదు. మిగిలినవి గది ఖాళీ చేసిన రోజు అర్ధరాత్రికి చెల్లకుండా పోతాయి. మీ గులాబీ చీటీలు సరిగ్గా అవే.

అక్కడి పళ్ళెం మన లెక్కలో ఇద్దరి భోజనం. మేము మొదటి రోజే గమనించాం, మా ఆవిడ సగం తిని పెట్టేది. ఆ తర్వాత ఇద్దరం ఒకటే తెచ్చుకుని పంచుకున్నాం. కౌంటరులో అడిగితే చల్లని మంచినీళ్ళ గ్లాసు ఉచితంగా ఇస్తారు. ఇంటి తిండి లోపలికి తీసుకుపోవచ్చు, గాజు సీసాలు మాత్రం కూడదు. మేము పొద్దున్న గదిలోనే అటుకులు, పెరుగు తిని, పులిహోర డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్ళేవాళ్ళం. పథకం కొని ఉంటే ఆ పులిహోర తిన్న ప్రతి పూటా ఇరవై అయిదు డాలర్లు నష్టమన్నట్టు ఉండేది. ముందే కట్టేసిన డబ్బు మన ఆకలికి గంటలు పెడుతుంది.

ఒక్క మినహాయింపు ఉంది. 2026లో వచ్చేవారికి, పార్కు టికెట్లతో కూడిన ప్యాకేజీ తీసుకుని పెద్దలు పథకం కొంటే, మూడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు అది ఉచితమని ప్రకటించారు. ముగ్గురు నలుగురు పిల్లలున్నవారికి దానితో లెక్క తలకిందులవుతుంది. మీకు మనవడు ఒక్కడే. మనవరాలికి మూడు నిండలేదు కాబట్టి ఆమెకు కొననే అక్కరలేదు, మీ పళ్ళెంలోదే పెట్టుకోవచ్చు.

అరసవల్లి_వీధి (శ్రీకాకుళం)

పై వారి లెక్కలో తప్పు లేదు. కాని అది కాగితం మీది లెక్క. మా నాన్నగారి సంగతి చెబుతాను, విన్నాక నిర్ణయించుకోండి.

2023లో మేము అమ్మానాన్నలను అక్కడికి తీసుకువెళ్ళినప్పుడు ఈ పథకం లేదు. నాన్నగారు కౌంటరు పైన ఉన్న ధరల పట్టిక చూడడం, పెదవులు కదుపుతూ డాలర్లను రూపాయల్లోకి మార్చుకోవడం, ఆ తర్వాత మా వైపు తిరిగి “నాకు ఆకలిగా లేదమ్మా, పొద్దున్న తిన్నది అరగలేదు” అనడం, ప్రతి పూటా ఇదే. అరటిపండు వలిచి సగం అమ్మకు ఇచ్చి సగం తాను తినేవారు. రెండో రోజు మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఎండలో వరుసలో నిలబడి ఉండగా కళ్ళు తిరిగి ఇనుప కమ్మీ పట్టుకుని కిందికి జారారు. ఆయనకూ చక్కెర వ్యాధే. చేతులు చల్లగా అయిపోయాయి, చొక్కా చెమటతో తడిసిపోయింది. నారింజ రసం తాగించి నీడలో పడుకోబెడితే అరగంటకు తేరుకున్నారు. నేను ఆ అరగంట ఎప్పటికీ మరిచిపోలేను. డబ్బు లేక కాదు, మా డబ్బు మిగల్చాలని ఆయన ఆకలి చంపుకున్నారు.

2025లో మళ్ళీ వెళ్ళినప్పుడు నేను ఎవరినీ అడగకుండా పథకం కొనేశాను. నాన్నగారు మారిపోయారనే చెప్పాలి. “ఇంకా ఎన్ని ఉన్నాయి?” అని ఆయనే అడిగి మరీ తిన్నారు. కట్టేసిన డబ్బు వృథా కాకూడదన్న పట్టుదలే ఆయనను తినిపించింది. మేము ఎంత నష్టపోయామో నేను లెక్క వేయలేదు, వేయదలచుకోలేదు. చివరి రోజు మిగిలిన చిరుతిండ్లకు బదులు కట్టిన మిఠాయి పొట్లాలు తీసుకుని ఇంటికి తెచ్చాం కాబట్టి అవీ పోలేదు. మీరు వేళకు తినవలసిన మనిషినని మీరే రాశారు. ధరల పట్టిక ముందు నిలబడినప్పుడు మీరు ఏం చేస్తారో మీ అమ్మాయికి తెలిసే ఈ పథకం మాట ఎత్తిందేమో ఆలోచించండి.

బొబ్బిలి_మాస్టారు

ఓర్లాండో సంగతి నాకు తెలియదు గాని, మన హైదరాబాదు పార్కులకు బడి పిల్లలను తీసుకువెళ్ళిన అనుభవంతో, ఇక్కడివారికి పనికివస్తుందని రాస్తున్నాను.

అక్కడ ఇంటి తిండి తీసుకుపోవచ్చు కాబట్టి పథకానికి పోటీగా మన పులిహోర డబ్బా ఉంది. హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు పక్కన రావిర్యాలలో 2016లో ప్రారంభమైన వండర్‌లాలో బయటి ఆహారం అనుమతించరు. అలాంటి చోట ముందుగా కొన్న కూపనును లోపలి కౌంటరు ధరతోనే పోల్చాలి, ఇంటి ఖర్చుతో కాదు. రామోజీ ఫిల్మ్ సిటీలో మధ్యాహ్న భోజనం కలిసి ఉన్న టికెట్లు కూడా ఉన్నాయి. రోజంతా తిరిగే చోటు కాబట్టి పెద్దవాళ్ళు ఉన్నప్పుడు అది మంచిదే.

పేరు అనవసరం, ఒక పార్కులో నలభై ఇద్దరు పిల్లలకు భోజనం కూపన్లు ముందే తీసుకున్నాం. ఎక్కువగా తిప్పే ఆటలు ఎక్కి దిగినవారిలో అయిదుగురు వాంతులతో అన్నం ముట్టలేదు. ఒకే కౌంటరు, ఒకే వేళ కావడంతో మిగిలినవారికి ఆ వరుసలోనే ముక్కాలు గంట పోయింది, అటు టికెట్టు కొన్న ఆటల సమయం కరిగిపోయింది. అయినా అంతమంది పిల్లలతో వెళ్ళినప్పుడు మళ్ళీ కూపన్లే తీసుకుంటాను, ఎందుకంటే ఎవరు తిన్నారో ఎవరు తినలేదో చీటీ లెక్కతో తెలిసిపోతుంది. ఇంట్లోవాళ్ళతో వెళ్తే మాత్రం తీసుకోను.

టికెట్టు, భోజనం కలిపి కొనేటప్పుడు పన్ను ఎలా వేశారో బిల్లులో చూసుకోండి. పార్కు ప్రవేశానికి జీఎస్టీ 18 శాతం, 2018 జనవరిలో 28 నుంచి తగ్గించారు. మామూలు హోటలు భోజనానికి 5 శాతమే. తెర మీద కనిపించే ధర పన్నుతో కలిపినదో కాదో తేలకుండా చవక అనుకోవద్దు.

గంటస్తంభం_విజయనగరం

అరసవల్లి గారు రాసింది చదివి చాలాసేపు ఆలోచనలో పడ్డాను. అమ్మా, మీ మాటకు ఎదురు చెప్పను. నా లెక్క తినేవాడు తింటాడనే నమ్మకం మీద వేసింది. పెద్దవాళ్ళు ధర చూసి తినడం మానేస్తారన్నది అందులో లేదు.

అయితే మీరు చెప్పిన మేలు పథకంలోని భోజనాల వల్ల వచ్చింది కాదు, డబ్బు ముందే కట్టేయడం వల్ల వచ్చింది. దానికి వేరే దారి ఉంది. డిస్నీ గిఫ్టు కార్డు ఒకటి కొని అందులో భోజనాల కోసమని ఒక మొత్తం వేసి పెద్దాయన చేతికి ఇవ్వండి. పార్కుల్లోని కౌంటర్లలో అది చెల్లుతుంది. అది ఇంక తిండికే, తిరిగి బ్యాంకులోకి రాదని ఆయనకు తెలుస్తుంది. మిగిలితే గడువు తీరి పోయేది కాదు. పళ్ళెం పంచుకోవచ్చు, పులిహోర తిన్న పూట బాధ పడనక్కరలేదు.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి అమ్మాయితో ఫోనులో మాట్లాడుతూ మీరు రాసినవన్నీ చదివి వినిపించాను. అరసవల్లి గారి నాన్నగారి సంగతి దగ్గరకు వచ్చేసరికి అటు నుంచి మాట లేదు. కొంతసేపటికి, “నాన్నా, పోయినసారి వచ్చినప్పుడు మాల్‌లో మీరూ ఇదే చేశారు, అందుకే అడిగాను” అంది. నాకు గుర్తుంది. కాఫీ ధర చూసి తలనొప్పిగా ఉందని చెప్పి బయట బల్ల మీద కూర్చున్నాను. అది దానికి తెలియదనుకున్నాను.

ఇద్దరం కలిసి లెక్క వేశాం. 2024 ధరల్లోనే చూసినా నలుగురు పెద్దలకు నాలుగు రాత్రులకు 912.16 డాలర్లు. మనవడికి ఉచితం వర్తించకపోతే మరో 95.32 కలిపి 1007.48. దానికి వచ్చేది ఎనిమిది పూటలు. విడిగా అయితే పొద్దున్న గదిలో తిని, అయిదు రోజులకు పది పూటలు, పూటకు మూడు పెద్ద పళ్ళాలు పదిహేడేసి డాలర్ల చొప్పున, పిల్లవాడికి తొమ్మిది, అంటే అరవై. పది పూటలకు ఆరు వందలు. రోజుకు పదిహేను డాలర్లు చిరుతిండికి వేసుకుంటే మొత్తం 675. పథకం వద్దనుకున్నాం.

కార్డులో ఏడు వందలు వేసి నాకు ఇస్తానని, అది నా జేబులోనే ఉండాలని, ప్రతి పూటా భోజనం నేనే కొనాలని అమ్మాయి షరతు పెట్టింది. ఒంటి గంటకు, ఏడు గంటలకు తప్పకుండా కౌంటరు దగ్గర ఉంటానని దానికి మాట ఇచ్చాను. ఇప్పుడు మా ఆవిడ పులిహోరకు చింతపండు గుజ్జు ఎంత తీసుకువెళ్ళాలో ఆలోచిస్తోంది. తిరిగి వచ్చాక కార్డులో ఎంత మిగిలిందో, ఏ పూట ఎంత అయిందో ఇక్కడే రాస్తాను.