నాగలింగమా, నాగకేసరమా?

ప్రశ్న: లాల్‌బాగ్‌లో బోదె పొడుగునా పూసే చెట్టుని కన్నడిగులు నాగలింగ పుష్ప అంటారు. మనవాళ్లు కొందరు నాగమల్లి అంటారు, కొందరు నాగకేసరం అంటారు. అపార్ట్‌మెంట్ తోటలో దీనికి పేరుపలక పెట్టాలి. ఏం రాయించమంటారు?

జవాబు: నాగకేసరమని మాత్రం రాయించకండి. అది వేరే చెట్టండీ, కన్నడంలో నాగసంపిగె. నాలుగు తెల్లటి రేకులు, నడుమ పసుపు కేసరాల కుచ్చు, ఎర్రటి లేతాకు. మందుల్లో వాడే ఎండు కేసరాలు దానివి. పలక తప్పయితే నాగలింగం పూలు ఎండబెట్టి వాడేవాళ్లు బయల్దేరతారు. నాగమల్లి కూడా చిక్కే, తెల్లపూల మందుమొక్క ఒకటి ఆ పేరుతో ఉంది.

మరో జవాబు: పాత పద్యాల్లో నాగకేసరం కనబడితే ఈ చెట్టుని ఊహించుకోకూడదు. నాగలింగం దక్షిణ అమెరికాది. 1775లో ఓబ్లే అనే ఫ్రెంచాయన దాన్ని కూరూపిటా గయానెన్సిస్ అని నమోదు చేశాడు. మన పేరు పువ్వుని చూసి పెట్టింది. ఆరు దళసరి రేకులు విప్పి చూడండి: అడుగున గుండ్రటి దిమ్మె, చుట్టూ పొట్టి కేసరాలు, ఒక పక్కనుంచి లేచి దానిమీదికి వంగిన పడగ. దిమ్మె లింగం, పడగ నాగు. తేనె ఉండదు, తుమ్మెదలు పుప్పొడికే వస్తాయి. పడగలో పుప్పొడి వాటి మేతకి, దిమ్మె చుట్టూ ఉన్నది కాయ కట్టడానికి. పేరు పెట్టినవాళ్లు ఆ రెంటినీ విడివిడిగా చూశారు, అదే నాకు ముచ్చట.

ఇంకొకరు: పేరుతో పాటు చోటూ చూసుకోండి. కాయ 15 నుంచి 24 సెంటీమీటర్ల అడ్డకొలత ఉంటుంది, పండడానికి దాదాపు ఏడాది, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. రాలి పగిలితే గుజ్జు కంపు. నడకదారి, కారు పార్కింగు, పిల్లల ఊయల దగ్గర వద్దు. ఆకు ఏడాదిలో ఒకసారికి మించి మొత్తంగా రాలుతుంది, కొద్ది రోజుల్లో మళ్లీ చిగురిస్తుంది. చచ్చిపోయిందనుకుని నీళ్లు కుమ్మరిస్తే వేరు కుళ్లుతుంది. బోదెమీది పూల రెమ్మల్ని ఎండుపుల్లలనుకుని మాలీ నరికేస్తే పూత పోయినట్టే, ముందే చెప్పి ఉంచండి. మొక్క మొలిపించాలంటే రాలిన పండు గింజల్ని గుజ్జు పోయేదాకా కడిగి, ఆరబెట్టి దాచకుండా వెంటనే నాటాలి.

ప్రశ్న అడిగినవారు: అయితే పలకమీద ‘నాగలింగం’ అని పెద్దక్షరాల్లో, కింద ‘కాయలు రాలును, చెట్టు కింద నిలబడవద్దు’ అని రాయిస్తాం.